అదిమిపట్టడమే అసలు విద్య

యుద్ధవిద్య అనగానే మన కళ్ల ముందు మెదిలేది దెబ్బ. గాల్లోకి లేచే కాలు, దవడ మీద పడే పిడికిలి, ఒక్క విసురుకు పల్టీ కొట్టే మనిషి. సినిమా పోరాటాలు మనకు అలవాటు చేసింది ఇదే. పట్టణాల్లో కరాటే తరగతుల ఫ్లెక్సీల మీద కనిపించేదీ ఇదే. ఈ బొమ్మలో చోటు దక్కని విద్య ఒకటుంది. ఎదుటివాణ్ని నేల మీద వెల్లకిలా పడేసి, అతని ఛాతీ మీద తన బరువు మోపి, ఎంత గింజుకున్నా లేవనివ్వకుండా నిలిపి ఉంచడం. జూడోలో దీన్ని ఒసాఎకోమి అంటారు. కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనించి గెలవడం దీని సోదరవిద్య. సౌలభ్యం కోసం ఇక్కడ రెంటినీ కలిపి నేలపట్టు అంటాను. దీని మీద నాలుగు నిందలు స్థిరపడిపోయాయి. ఇందులో నైపుణ్యం లేదు, ఉన్నదంతా బరువేనని ఒకటి. ఇది గెలవడం చేతకాక చేసే కాలయాపన అని రెండోది. నిజమైన గొడవలో పనికిరాదని మూడోది. కిందివాడి ప్రాణానికి ముప్పని నాలుగోది. చూసేవాళ్లే కాదు, నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, చివరికి నియమాలు రాసేవాళ్లు కూడా వీటిని నమ్ముతున్నారు. ఈ నాలుగూ తప్పని నా వాదం. పట్టు విద్యల్లో నేలపట్టు అతి కష్టమైనది. ఓడినవాడు ఒంటి మీద గీత పడకుండా లేచి నిలబడగలిగేలా గెలవడమే దాని లక్ష్యం. ఈ రెండో గుణం కారణంగానే దాన్ని నెత్తిన పెట్టుకోవాలి.

ఈ చులకన మాటలతో ఆగలేదు. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీల్లో ఒకరు మరొకరిని కింద అదిమి ఉంచగానే గ్యాలరీల్లో ఈసడింపులు మొదలవుతాయి. 2017 నుంచి అమల్లోకి వచ్చిన అక్కడి తీర్పు ప్రమాణాలు దెబ్బల ప్రభావానికి, లొంగదీసే ప్రయత్నాలకు పెద్దపీట వేశాయి. పైనుంచి ఎంతసేపు అదుపు చేసినా, దానివల్ల దెబ్బో లొంగుబాటు ప్రయత్నమో పుట్టకపోతే దక్కేది స్వల్పం. బ్రెజిలియన్ జుజుత్సులో ఎదుటివాడి కాళ్ల రక్షణను దాటి పక్కకు చేరితే 3 పాయింట్లు, ఛాతీ మీద ఎక్కి కూర్చుంటే 4. ఆ స్థితిని 3 సెకన్లు నిలిపితే చాలు. ఆ తర్వాత 3 నిమిషాలు నిలిపినా కొత్తగా ఒరిగేదేమీ లేదు. ముందుకు కదలనందుకు జరిమానా కూడా పడవచ్చు. వీటికి భిన్నంగా జూడో ఈ విద్యను గడియారం పెట్టి కొలుస్తుంది. ఒకప్పుడు పూర్తి విజయానికి 30 సెకన్లు అదిమి ఉంచాల్సి వచ్చేది. తర్వాత అది 25 అయింది, 2013 నుంచి 20. అదుపులో గడిచిన కాలానికి విలువ కట్టిన ఆట కాబట్టి, ఈ వాదానికి కావలసిన సాక్ష్యం ఎక్కువగా జూడోలోనే దొరుకుతుంది. మిగిలినది కుస్తీలో దొరుకుతుంది.

మొదటి నింద బరువు. వంద కిలోల మనిషి మీద పడితే ఎవడు లేవగలడన్న ప్రశ్న వినడానికి తిరుగులేనిదిగా ఉంటుంది. కానీ విద్య తెలియని భారీమనిషి మీద పడితే, తెలిసినవాడు లేవగలడు. తెలియనివాడు మీద పడగానే మోకాళ్లు, మోచేతులు నేల మీద ఊనుతాడు. అతని బరువులో పెద్ద భాగం వాటి గుండా నేలలోకే పోతుంది, కిందివాడి మీద పడేది కొంతే. కిందివాడు నడుము ఎత్తి వంతెన వేసి పక్కకు దొర్లితే పైవాడు పల్టీ కొడతాడు. తుంటిని రొయ్యలా వెనక్కి లాక్కుని మధ్యలో మోకాలు దూరిస్తే పట్టు ఊడిపోతుంది. పైవాడి కాలిని తన రెండు కాళ్లతో పెనవేస్తే జూడో రిఫరీ పట్టు పోయిందని ప్రకటిస్తాడు. ఈ మూడు దారులనూ ఒకేసారి మూయాలి. వంతెన వేసే దిక్కును ముందే పసిగట్టి బరువును అటు మార్చాలి, తుంటికి ఖాళీ ఇవ్వకూడదు, కాళ్లను దూరంగా ఉంచాలి. తన ఊతాన్ని నేల మీది నుంచి తీసేసి, తన ఛాతీని ఎదుటివాడి పక్కటెముకల మీద వేలాడదీయడం నేర్వాలి. ఉన్న బరువును ఏ అంగుళం మీద, ఏ క్షణాన, ఏ కోణంలో మోపాలో తెలియడమే ఇక్కడి చదువు. బరువు ముడిసరుకు మాత్రమే.

కెసా గతామె అనే పట్టును చూస్తే ఇది అరటిపండు ఒలిచినట్టు తెలుస్తుంది. బౌద్ధ సన్యాసులు ఒక భుజం మీదుగా ఏటవాలుగా కప్పుకునే వస్త్రాన్ని జపనీయులు కెసా అంటారు. మన కాషాయం అన్న మాటే బౌద్ధంతో పాటు ప్రయాణించి అక్కడ కెసాగా మారింది. పైవాడు ఆ వస్త్రంలాగే కిందివాడి ఛాతీ మీద ఏటవాలుగా వాలుతాడు. ఒక చేయి మెడ చుట్టూ, మరో చేత్తో కిందివాడి చేతిని తన చంకలో బిగించడం, కాళ్లు కత్తెరలా విప్పి నేల మీద పరవడం, తల దించడం. చూడ్డానికి ఇంతే. కిందివాడు తనవైపు తిరగబోతే పైవాడు గడియారపు ముల్లులా అంతే దూరం జరుగుతాడు. తల దగ్గరికి దొర్లించబోతే కాలు చాపి ఆపుతాడు. దూరంగా నెడితే ఆ నెట్టుడులోనే పట్టు మార్చి ఛాతీకి అడ్డంగా పడుకుంటాడు. కదలిక లేనట్టు కనిపించే ఆ 20 సెకన్లలో పదిసార్లు బరువు చోటు మారి ఉండవచ్చు. తెలుగులో పట్టువిడుపులు అని ఒకే మాటగా అంటాం. నేలపట్టు బతికేది ఆ జంటలోనే. ఒకేచోట బిగుసుకుపోయినవాడు క్షణాల్లో దొర్లిపోతాడు. సమయానికి సడలించి సమయానికి బిగించేవాడే నిలుస్తాడు.

బరువే నిర్ణయిస్తుందన్న మాట నిజమైతే దానికొక తేలికైన పరీక్ష ఉంది. జూడోలో బరువు తరగతులున్నాయి. 48 కిలోల తరగతిలో ఇద్దరూ దాదాపు సమానమైన బరువుతోనే చాప మీదికి వస్తారు. బరువొక్కటే కారణమైతే ఆ తరగతిలో ఎవరూ ఎవరినీ అదిమిపట్టలేకపోవాలి. అలా జరగడం లేదు. అతి తేలికైన తరగతి నుంచి అతి బరువైనదాని దాకా నేలపట్టుతో ముగిసే పోటీలు ఉంటూనే ఉన్నాయి. నేలపట్లకు పేరుమోసిన ఆటగాళ్లలో ఒకడైన కత్సుహికో కషివాజాకి 1981లో ప్రపంచ విజేత అయింది 65 కిలోల తరగతిలో. తర్వాత ఈ పట్ల మీదే ఆయన ఒక పుస్తకం రాశాడు, దాని పేరే ఒసాఎకోమి. భారీకాయుల సొత్తుగా మనం చెప్పుకునే విద్యకు గ్రంథం రాసింది బక్కపలచని తరగతివాడు. ఇక అవతలి పక్షం ఎప్పుడూ ముందుకు తెచ్చే ఉదాహరణ 1964 టోక్యో ఒలింపిక్స్. అక్టోబరు 23న నిప్పన్ బుడోకాన్‌లో, ఏ బరువువారైనా తలపడే ఓపెన్ తరగతి ఫైనల్లో, డచ్ ఆటగాడు ఆంటోన్ హేసింక్ జపాన్ ఆటగాడు అకియో కమినాగాను కెసా గతామెతో 30 సెకన్లు అదిమి స్వర్ణం గెలిచాడు. హేసింక్ ఆరున్నర అడుగుల మనిషి, ప్రత్యర్థి కంటే బరువైనవాడు. అది నిజమే. కానీ కమినాగా కూడా వంద కిలోల ధీరుడు, తన దేశపు అగ్రశ్రేణి ఆటగాడు. పైగా వాళ్లిద్దరూ 9 నిమిషాలకు పైగా పోరాడిన తర్వాతే ఆ పట్టు పడింది. బరువొక్కటే చాలేదైతే అన్ని నిమిషాలు ఎందుకు పట్టింది? కమినాగా దాడికి వచ్చి తప్పిన క్షణాన్ని హేసింక్ అందుకున్నాడు. అందుకున్నదాన్ని చివరిదాకా జారనివ్వలేదు. ఈ రెండూ బరువు చేసే పనులు కావు.

పడేయడం కంటే పట్టి తిప్పడం ఎంత కష్టమో 1910లోనే లండన్ చూసింది. ఆ సెప్టెంబరు 10న మన గామా పహిల్వాన్, పోలండ్ వస్తాదు స్టానిస్లాస్ జిబిస్కో గోదాలోకి దిగారు. జిబిస్కో బరువులో గామా కంటే చాలా పెద్దవాడు. అయినా గామా అతణ్ని మొదట్లోనే నేలకు దించాడు. అక్కడితో అసలు పోరు మొదలైంది. ఆ నియమాల ప్రకారం గెలవాలంటే రెండు భుజాలూ నేలకు ఆనాలి. జిబిస్కో మోకాళ్ల మీద, చేతుల మీద బోర్లా బిగుసుకుని కూర్చుండిపోయాడు. రెండున్నర గంటలకు పైగా గామా ఎన్ని పట్లు మార్చినా అతణ్ని వెల్లకిలా తిప్పలేకపోయాడు. పోటీ ఫలితం తేలలేదు. మరో వారానికి పెట్టిన పోటీకి జిబిస్కో రానేలేదు. ఈ కథను మనం గామా పరాక్రమానికి గుర్తుగా చెప్పుకుంటాం, తప్పేమీ లేదు. ఇందులో మరో పాఠం కూడా ఉంది. తన కాలంలో ఓటమి ఎరుగని మల్లుడిగా పేరుపొందినవాడికి కూడా పడేయడం క్షణాల పని అయింది, వెల్లకిలా తిప్పి నిలపడం గంటలు గడిచినా తెమలలేదు. నేలపట్టు తేలిక అనేవాళ్లు ఈ ఒక్క పోటీ గురించి ఆలోచిస్తే చాలు.

రెండో నింద కాలయాపన. అదిమి కూర్చోవడం ఏం గెలుపు, గెలుపంటే విసురు, లేకపోతే లొంగదీయడం అని వాదిస్తారు. విసురుకు జూడోలో పూర్తి విజయం ఇచ్చేది ఎందుకో గుర్తుచేసుకుందాం. అంత బలంగా, అంత వేగంగా వీపు నేలకు కొట్టుకుంటే నిజమైన పోరులో మనిషి లేవడన్న ఊహ మీద ఇస్తారు. విసురు ఎంత శుభ్రంగా పడిందో రిఫరీ కన్ను తేలుస్తుంది. ఒకే విసురును ఇద్దరు రిఫరీలు రెండు రకాలుగా చూడటం వింతేమీ కాదు. నేలపట్టులో ఊహకు చోటు తక్కువ. కిందివాడు స్పృహలో ఉన్నాడు, బలం ఉంది, తెలిసిన ఎత్తులన్నీ వేశాడు, 20 సెకన్లలో ఒక్కటీ పారలేదు. ఓటమి అక్కడే, అందరి ముందే రుజువైంది. ఆ 20 అంకె మనుషులు పెట్టుకున్నదేగా అంటే, అవును. 25 అన్నా 30 అన్నా మనుషులు పెట్టుకున్నదే. ఇంతసేపు నిలిచిందంటే అది గాలివాటం కాదని తేల్చడానికి ఒక హద్దు కావాలి, ఆ అంకె చేసే పని అది. కుస్తీ ఈ విజయానికి ఇచ్చిన స్థానం ఇంకా పెద్దది. పాయింట్లలో వెనకబడి ఉన్నా ప్రత్యర్థి భుజాలు రెండూ నేలకు ఆనించి నిలిపితే పోటీ అక్కడికక్కడే ముగుస్తుంది. టోక్యో ఒలింపిక్స్‌లో 2021 ఆగస్టు 4న 57 కిలోల సెమీఫైనల్లో రవికుమార్ దహియా ఒక దశలో 2-9తో వెనకబడ్డాడు. గడియారం ముగింపుకు వస్తుండగా ప్రత్యర్థిని వెల్లకిలా తిప్పి భుజాలు నేలకు ఆనించాడు. పట్టు విడిపించుకోవడానికి కిందివాడు దహియా చేతిని కొరికిన ఫోటోలు దేశమంతా చూసింది. అయినా పట్టు సడలలేదు. భారత్‌కు ఆ రజత పతకం దక్కింది ఉడుంపట్టు వల్ల. కూడిన పాయింట్లన్నిటినీ ఒక్క పట్టు రద్దు చేయగలిగిందంటే, దాన్ని కాలయాపన అనడం ఎలా చెల్లుతుంది?

లొంగదీసే పట్లే అసలైనవనే జుజుత్సు పక్షానికి కూడా ఒక మాట చెప్పాలి. చేయి మెలిపెట్టడమో గొంతు బిగించడమో గాల్లోంచి ఊడిపడదు. కిందివాడు కదలగలిగినంత సేపూ అతని చేయి చిక్కదు. 1951 అక్టోబరులో రియో డి జనీరోలో జపాన్ జూడో ఆటగాడు మసాహికో కిమురా, బ్రెజిలియన్ జుజుత్సు గురువు ఎలియో గ్రేసీ తలపడినప్పుడు కిమురా ఎలియోను పదే పదే నేలపట్లతో అదిమాడు. ఆ అదుపులోంచే, రెండో భాగంలో, చేయి మెలిపెట్టే పట్టు పుట్టింది. జుజుత్సు లోకం ఈనాటికీ ఆ పట్టును కిమురా అనే పిలుస్తుంది. పేరు మెలికకు దక్కింది, దారి వేసింది నేలపట్టు. మన కాలంలో మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో డాగెస్తాన్‌కు చెందిన హబీబ్ నుర్మగొమెదోవ్ 29 పోటీలు ఆడి 29 గెలిచి 2020లో తప్పుకున్నాడు. ప్రత్యర్థి కాళ్లను తన కాళ్లతో పెనవేయడం, మణికట్టును అతని శరీరం కిందే చిక్కబట్టడం అతని ముద్ర. అతను కొట్టిన దెబ్బలకు, బిగించిన గొంతులకు అవతలివాళ్లు జవాబు చెప్పలేకపోయింది అప్పటికే కట్టుబడిపోయి ఉండటం వల్ల. ముందు స్థానం, తర్వాతే లొంగుబాటు అని జుజుత్సు గురువులే శిష్యులకు మొదటి రోజుల్లో చెబుతారు. ఆ మాటనే వాళ్లు పాయింట్ల పట్టికలోకీ తీసుకెళ్లాలి.

జూడో స్థాపకుడు జిగొరో కానోనే విసుర్లకు పెద్దపీట వేశాడు కదా అన్నది బరువైన అభ్యంతరం. అది నిజం. 1882లో కొడోకాన్ అనే జూడో శిక్షణాలయాన్ని నెలకొల్పిన కానో, విసుర్లే ముందు నేర్వాలని భావించాడు. 1914 నుంచి క్యోటో ఇంపీరియల్ యూనివర్సిటీ ఆధ్వర్యంలో సాగిన కోసెన్ పోటీల్లో విద్యార్థులు విసుర్లు వదిలి నేల మీదికే లాక్కుపోతుంటే, ఆ ధోరణికి కొడోకాన్ నియమాలతో కళ్లెం వేసింది. నిలబడి పోరాడటం మరిచిపోతే విద్య ఒంటికాలి మీద మిగులుతుందన్న కానో భయం న్యాయమైనదే. కానీ ఆ కోసెన్ విద్యార్థులు నేలనే ఎందుకు ఎంచుకున్నారు? విసురుకు సహజమైన చురుకు, ఏళ్ల సాధన కావాలి. కొద్దికాలం మాత్రమే సాధనకు దొరికే చదువరి, తనకంటే ప్రతిభావంతుణ్ని నిలువరించాలంటే నేలే దిక్కు. శ్రద్ధగా చదివితే ఫలితం ఇచ్చే విద్య అది అని ఆ విద్యార్థులు కనిపెట్టారు. పుట్టుకతో వచ్చిన బలం లేనివాడికి అందివచ్చే విద్య అంతకన్నా ఏముంటుంది? కానో కూడా దాన్ని తోసిపుచ్చలేదు. ఆయన కూర్చిన కతామె నో కతా అనే క్రమంలో 15 పట్లుంటే మొదటి అయిదూ నేలపట్లే. గొంతుపట్లు, కీలుపట్లు ఆ తర్వాతే వస్తాయి. శక్తిని సార్థకంగా వాడటం, తనకూ ఎదుటివాడికీ మేలు జరగడం అనే రెండు సూత్రాలను ఆయన జూడోకు పునాదిగా పెట్టాడు. ఆ రెండో సూత్రానికి అన్నిటికన్నా దగ్గరగా నిలిచేది నేలపట్టే.

చూడ్డానికి విసుగు అన్నది కాలయాపన నిందకు తోకగా వచ్చే ఫిర్యాదు. విసుగు చూసేవాడి కంటికి సంబంధించినది, కన్నుకు చదువు చెప్పవచ్చు. అందుకు మన ఊళ్లే సాక్ష్యం. చెడుగుడు ఆడే చోట జనం లేచి నిలబడి కేకలు పెట్టేది ఎప్పుడు? కూతకు వచ్చినవాణ్ని మడమ పట్టో తొడ పట్టో పట్టి నేలకు దించి, గీత అందకుండా నిలిపిన క్షణంలో. ఊపిరి ఆగే దాకా, కూత తెగే దాకా పట్టు నిలుస్తుందా లేదా అని అందరూ బిగబట్టి చూస్తారు. వాళ్లకు ఎవరూ పాఠం చెప్పలేదు, ఆ పట్టులో ఏం జరుగుతోందో చిన్ననాటి నుంచి ఒంటికి తెలుసు. తమ చేతులతో పట్టినవాళ్లు, పట్టుబడ్డవాళ్లు ఎవరైనా నేలపట్టును గుండె దడతో చూస్తారు. అలవాటు లేని కంటిని సంతృప్తి పరచడానికి ఒక విద్య విలువను తగ్గించడం అన్యాయం. వ్యాఖ్యాతలు పట్టు లోపలి కదలికను చెప్పడం మొదలుపెడితే చాలు, జనం తమంతట తామే చూస్తారు.

మూడో నింద వీధి. ఎదుటివాడికి తోడు ఇద్దరుంటే, చేతిలో కత్తి ఉంటే, వాణ్ని అదిమి కూర్చోవడం చావును పిలవడమే అంటారు. నలుగురు చుట్టుముట్టినప్పుడు నేల మీదికి దిగకూడదన్నది నిస్సందేహంగా సరైన మాట. అయితే ఆ పరిస్థితిలో పిడికిలి కూడా పెద్దగా ఆదుకోదు, ఆదుకునేవి కాళ్లు, పారిపోవడానికి. ఒక్క అత్యవసర సందర్భంలో పనికిరాదని విద్యను కొట్టిపారేస్తే ఏ విద్యా మిగలదు. మనుషులు నిజంగా ఎదుర్కొనే గొడవలెలాంటివి? తాగి చేయెత్తిన బంధువు. తరగతి గదిలో కొట్టుకుంటున్న ఇద్దరు పిల్లలు. జ్వరం మైకంలోనో మతి తప్పిన స్థితిలోనో ఆసుపత్రిలో తిరగబడ్డ రోగి. వీళ్లెవరూ శత్రువులు కారు. వీళ్ల దవడ పగలగొట్టడం ఎవరికీ కావలసింది కాదు, కాసేపు ఎవరికీ హాని జరగకుండా నిలిపితే చాలు. దెబ్బలు మాత్రమే నేర్చినవాడి దగ్గర ఇలాంటి సందర్భానికి సమాధానమే లేదు. చట్టం కూడా ఈ తేడాను గుర్తిస్తుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ ప్రకారం, ఆత్మరక్షణ హక్కు రక్షణకు అవసరమైన దానికి మించి హాని చేయడానికి వర్తించదు. పాత శిక్షాస్మృతిలో 99వ సెక్షన్ చెప్పిందీ ఇదే. ఎంత హాని అవసరమో అంతే చేయాలంటే హానిని కొలిచి వాడగలగాలి. పిడికిలి ఒకసారి వదిలాక వెనక్కి రాదు. పట్టును మాత్రం క్షణక్షణం బిగించవచ్చు, సడలించవచ్చు.

ఆడపిల్లల ఆత్మరక్షణ శిక్షణలో ఈ నిర్లక్ష్యం మరింత బాధ కలిగిస్తుంది. మోచేత్తో పొడవడం, మోకాలితో తన్నడం, కళ్లలో వేళ్లు పెట్టడం నేర్పి పంపేస్తారు. అత్యాచార కేసుల్లో నిందితులు ఎక్కువమంది బాధితురాలికి తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు ఏటా చెబుతూనే ఉన్నాయి. అంటే దాడి తరచుగా నాలుగు గోడల మధ్య, చేయి చాపినంత దగ్గరలో, తనకంటే బరువైనవాడి నుంచి వస్తుంది. అక్కడ ఆమె ఎదుర్కొనేది పట్టు. దెబ్బకు కావలసిన దూరం ఆమెకు దొరకదు. అదిమి ఉంచిన బరువు కింద ఊపిరి కాపాడుకోవడం, వంతెన వేయడం, తుంటి జరపడం, లేచి పరుగెత్తడం అనేవి నేలపట్టును రోజూ చాప మీద పట్టి, పట్టించుకుని సాధన చేసినవాళ్లకే వస్తాయి. ఒక రోజు శిబిరంలో ఎవరికీ రావు. నేలపట్టును పాఠ్యక్రమం నుంచి తీసేసిన శిక్షణ, పిల్లలకు అతి ముఖ్యమైన సగాన్ని నేర్పకుండానే ధైర్యం మాత్రం నింపి పంపుతోంది.

నాలుగో నింద ప్రాణాపాయం. ఇది అన్నిటికన్నా గౌరవంగా వినవలసిన మాట. 2020 మే 25న అమెరికాలోని మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి వ్యక్తి మెడ మీద ఒక పోలీసు అధికారి 9 నిమిషాల 29 సెకన్లు మోకాలు మోపి ఉంచాడు. ఫ్లాయిడ్ చనిపోయాడు, మరుసటి ఏడాది న్యాయస్థానం దాన్ని హత్యగా తేల్చింది. అదిమిపట్టడం అనగానే ఆ దృశ్యం గుర్తుకు రావడం సహజం. గుర్తుకు రావాలి కూడా. కానీ అక్కడ జరిగినదాన్ని జూడో చాప మీద జరిగేదాని పక్కన పెట్టి చూడండి. అక్కడ మనిషి బోర్లా ఉన్నాడు, ఇక్కడ వెల్లకిలా ఉండాలని నియమం. అక్కడ చేతులకు అప్పటికే సంకెళ్లున్నాయి, ఇక్కడ రెండు చేతులతోనూ పోరాడే అవకాశం ఉంది. అక్కడ మోకాలు మెడ మీద ఉంది, ఇక్కడ బరువు ఛాతీ మీద వాలుతుంది. అక్కడ ఊపిరాడటం లేదన్న మొరను పట్టించుకోలేదు, ఇక్కడ చాప మీద రెండుసార్లు తడితే చాలు పట్టు వదిలేస్తారు. అక్కడ ప్రతిఘటన ఆగిపోయాక కూడా బరువు తీయలేదు, ఇక్కడ గడువు తీరగానే ఇద్దరూ లేస్తారు. విద్య లేని చేయి, దానికి తోడు దయ లేని మనసు కలిసి చేసిన పని అది. ఛాతీ మీద బరువు ఎక్కువసేపు ఉంటే ప్రమాదమే, ముఖ్యంగా బోర్లా ఉన్నవాడికి. ఈ సంగతి చాప మీద పెరిగినవాడికి ఒంటితోనే తెలుస్తుంది, ఎందుకంటే ఆ బరువు కింద తాను రోజూ పడుకున్నాడు. మనిషిని అదుపు చేసే ఉద్యోగంలో ఉన్న ప్రతి ఒక్కరికీ, పోలీసు నుంచి ఆసుపత్రి కాపలాదారు దాకా, ఈ విద్యను నిషేధించడం కంటే సక్రమంగా నేర్పించడమే ప్రాణాలు కాపాడుతుంది. వెల్లకిలా పట్టడం, మెడను తాకకపోవడం, అదుపులోకి రాగానే పక్కకు తిప్పి ఊపిరికి దారివ్వడం, ఇవన్నీ నేర్పదగినవే.

ఇంతవరకూ జవాబులు చెప్పాను, ఇప్పుడు అవతలి పక్షాన్ని ఒక ప్రశ్న అడుగుతాను. గెలుపును మనం దేనితో కొలవాలి? ఎదుటివాడికి ఎంత నష్టం జరిగిందో దానితో కొలిస్తే ముక్కు విరిగినప్పుడు, కీలు తప్పినప్పుడు, స్పృహ పోయినప్పుడు గెలుపు పెద్దది. ఎదుటివాడి ఇష్టాయిష్టాలకు మనం ఎంత పూర్తిగా హద్దు వేయగలిగామో దానితో కొలిస్తే నేలపట్టును మించింది లేదు, అతని ఒళ్లు చెక్కుచెదరదు కూడా. కిరాతవేషంలో వచ్చిన శివుడు అర్జునుడితో బాహాబాహీ తలపడి, తన శరీరంతో అతణ్ని బిగించి కదలకుండా చేసి, ఆ తర్వాత పాశుపతాస్త్రం ఇచ్చి పంపిన కథ మనకు కొత్త కాదు. ఇంద్రకీలాద్రి మీద జరిగిందని విజయవాడలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఓడించినవాడు ఓడినవాడికి వరం ఇవ్వగలిగింది, ఓడినవాడు నిలువునా మిగిలి ఉండబట్టే. బలవంతుడి గొప్పతనాన్ని అతను చేసిన గాయాలతో లెక్కించే అలవాటు మనకు తర్వాత అంటుకుంది. దాన్ని వదిలించుకోవాలి.

నిప్పన్ బుడోకాన్‌కు మళ్లీ వెళ్దాం. 2021లో టోక్యో ఒలింపిక్స్ జూడో అక్కడే జరిగింది. 78 కిలోల మహిళల ఫైనల్లో జపాన్ క్రీడాకారిణి షోరి హమదా, 2019 ప్రపంచ ఫైనల్లో తనను ఓడించిన ఫ్రాన్స్ ఆటగత్తె మాడెలీన్ మలొంగాను కొద్దిసేపట్లోనే నేల మీద అదిమి స్వర్ణం గెలిచింది. 1964లో జపాన్ ఏ విద్యతో ఓడి కన్నీరు పెట్టుకుందో, 57 ఏళ్ల తర్వాత అదే చాప మీద అదే విద్యతో గెలిచింది. మలొంగా లేచింది, వంగి నమస్కరించింది, పతకం మెడలో వేసుకుంది. 1964 నాటి ఆ 30 సెకన్లు ముగిసిన క్షణం ఇంకా ముఖ్యం. హేసింక్ ఇంకా చాప మీదే ఉన్నాడు. ఆనందం పట్టలేక డచ్ అభిమానులు పరుగున చాప మీదికి రాబోయారు. ఓడిన కమినాగా అక్కడే ఉన్నాడు, చుట్టూ ఉన్నది అతని దేశం. హేసింక్ చెయ్యెత్తి తనవాళ్లను వెనక్కే ఆపేశాడు. ఎదుటివాణ్ని నిలపడం నేర్చినవాడికి తన గెలుపునూ నిలపడం వచ్చింది. మన పిల్లలకు యుద్ధవిద్య నేర్పుతామంటే ముందు నేర్పవలసింది ఆ చేయి.